ఫుల్ హ్యాండ్స్ చొక్కా కింద పచ్చబొట్టు

మే నెలలో ఉదయం తొమ్మిదింటికి అమీర్‌పేట మెట్రో స్టేషన్ మెట్ల దగ్గర నిలబడితే ఇంటర్వ్యూకి వెళ్తున్నవాళ్ళని ఇట్టే గుర్తుపట్టొచ్చు. ఎండ అప్పటికే చురుక్కుమంటుంటుంది. అయినా మణికట్టు దాకా గుండీలు పెట్టిన ఫుల్ హ్యాండ్స్ చొక్కా, టక్, చేతిలో ప్లాస్టిక్ ఫోల్డర్. వాళ్ళలో కొందరు ఒక చేతి కఫ్‌ని మాటిమాటికీ కిందికి లాక్కుంటుంటారు. లోపల ఏదో ఉందన్నమాట. తేలు బొమ్మో, ‘అమ్మ’ అన్న రెండక్షరాలో, డిగ్రీ సెకండియర్‌లో ఆవేశంగా వేయించుకున్న పేరో.

కప్పుకుని వెళ్ళాలా, ఉన్నదున్నట్టు వెళ్ళాలా అన్నది వాళ్ళ టెన్షన్. ఇంట్లో అడిగితే ‘అప్పుడే వద్దన్నాం కదా’ అంటారు. ఫ్రెండ్స్‌ని అడిగితే ‘ఈ రోజుల్లో ఎవడు చూస్తాడ్రా’ అంటారు. ఇద్దరూ సగం సగమే చెబుతున్నారు. కొన్ని ఉద్యోగాలకి కప్పుకున్నా లాభం లేదు. కొన్నిటికి కప్పుకోవాల్సిన పనే లేదు. ఈ రెంటి మధ్యా మిగిలినవాటి దగ్గరే తిప్పలన్నీ.

డాక్టర్ ముందు చొక్కా ఉండదు

యూనిఫాం ఉద్యోగాలతో మొదలుపెట్టాలి. తెలుగు పల్లెల్లో టాటూ వల్ల చేతిదాకా వచ్చిన ఉద్యోగం నిజంగా జారిపోయేది అక్కడే. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోనూ, ‘మిలటరీ మాధవరం’ అని పేరుపడ్డ పశ్చిమ గోదావరి ఊళ్ళోనూ తెల్లవారకముందే రోడ్డెక్కి పరుగెత్తే కుర్రాళ్ళు కనిపిస్తారు. కేంద్ర బలగాల కానిస్టేబుల్ జీడీ (జనరల్ డ్యూటీ) పరీక్షకి 5 కిలోమీటర్లు 24 నిమిషాల్లో పూర్తిచెయ్యాలి. దానికోసం నెలల తరబడి చెమటోడుస్తారు. అదే కుర్రాడు పద్నాలుగో ఏట ఊరి జాతరలో, బ్యాటరీ మెషీన్ పెట్టుకుని కూర్చున్నవాడి దగ్గర కుడిచేతి మీద పొడిపించుకున్న ఆంజనేయస్వామి సంగతి మాత్రం ఎవరికీ గుర్తుండదు. మెడికల్ రోజున డాక్టరుకి కనిపిస్తాడు ఆంజనేయుడు.

ఇక్కడ అసలు ఇంటర్వ్యూయే ఉండదు. కేంద్ర ప్రభుత్వం గ్రూప్-సి, గ్రూప్-డి పోస్టులకీ, వాటికి సమానమైన పోస్టులకీ, గ్రూప్-బి నాన్ గెజిటెడ్ పోస్టులకీ 2016 జనవరి 1 నుంచి ఇంటర్వ్యూలు ఎత్తేసింది. రాతపరీక్ష, పరుగు, కొలతలు, ఆపైన మెడికల్. బనియన్ కూడా విప్పి నిలబడ్డ చోట కప్పుకోవడమనే మాటకి అర్థమే లేదు.

బీఎస్ఎఫ్, సీఆర్‌పీఎఫ్, సీఐఎస్ఎఫ్ లాంటి కేంద్ర సాయుధ బలగాలకి టాటూ మీద రాతపూర్వకమైన నిబంధన ఉంది. అది మూడు సంగతులు చూస్తుంది: ఏం రాయించుకున్నారు, ఎక్కడ, ఎంత పెద్దది. దేవుడి బొమ్మలు, మత చిహ్నాలు, పేర్లు ఫరవాలేదు. చోటు మాత్రం ముంజేతి లోపలి వైపు, అదీ ఎడమచేతికే. లేదంటే అరచేతికి వెనక వైపు. ఎడమచేతికే ఎందుకంటే శాల్యూట్ కొట్టేది కుడిచేత్తో కాబట్టి. సైజు ఆ భాగంలో నాలుగో వంతు కంటే తక్కువ ఉండాలి.

అంటే, ఒకే జాతరలో ఒకే మెషీన్‌తో ఒకే సైజు హనుమంతుణ్ణి పొడిపించుకున్న ఇద్దరు స్నేహితుల్లో, ఎడమ ముంజేయి చాపినవాడు దాటిపోతాడు, కుడి ముంజేయి చాపినవాడు ఆగిపోతాడు. బొమ్మలో తేడా లేదు. ఆ రోజు ఏ చెయ్యి ముందుకు చాపారన్నదే తేడా.

సైన్యం రూలు ఇంకో రకం. ముంజేతి లోపలి వైపు, మోచేతి మడత నుంచి మణికట్టు దాకా, ఇంకా అరచేతి వెనక వైపు టాటూ ఉండొచ్చు. కుడి ఎడమల పట్టింపు లేదు. ఛాతీ మీదా, మెడ మీదా, జబ్బ మీదా ఉంటే మాత్రం కుదరదు. సంప్రదాయంగా ఒళ్ళంతా పచ్చబొట్లు పొడిపించుకునే గిరిజన తెగల వాళ్ళకి వాళ్ళ ఆచారాన్ని బట్టి సడలింపు ఉంది. కాబట్టి కుడి ముంజేతి లోపల చిన్న ఓంకారం ఉన్నవాడు సైన్యానికి పనికొచ్చి, సీఆర్‌పీఎఫ్‌కి పనికిరాకుండా పోవచ్చు. అందరూ ‘గవర్నమెంటు జాబుకి టాటూ ఉండకూడదంట’ అని ఒకే ముక్కలో తేల్చేస్తారు గానీ, ఆ ‘అంట’ వెనకాల ఇన్ని మెలికలున్నాయి. యూనిఫాం సర్వీసులకున్న రూల్ని తెచ్చి ఆఫీసు ఉద్యోగాలన్నిటికీ అంటగట్టే యూట్యూబ్ వీడియోలు కొల్లలు. ఏ పోస్టుకి కడుతున్నారో దాని నోటిఫికేషన్‌లో మెడికల్ పేజీ తెరిచి చదవడం ఐదు నిమిషాల పని. ఆ ఏడాది నోటిఫికేషన్ అయితేనే లెక్క, అన్నయ్య కట్టినప్పటిది కాదు.

కోర్టుకెళ్ళి గెలిచినవాళ్ళు లేకపోలేదు. 2017లో బొంబాయి హైకోర్టు ముందుకి సోలాపూర్ కుర్రాడి కేసొకటి వచ్చింది. సీఐఎస్ఎఫ్‌లో కానిస్టేబుల్ డ్రైవర్ పోస్టు. ముంజేతి మీద టాటూ ఉందని మెడికల్‌లో తీసేశారు. అది మత చిహ్నం. అప్పటికే అతను దాన్ని చాలావరకు చెరిపించుకున్నాడు. సైన్యంలో మత చిహ్నాలకి వెసులుబాటు ఉండగా ఇక్కడెందుకు ఉండకూడదన్న వాదనకి కోర్టు ఒప్పుకుంది. ఢిల్లీ పోలీసు కానిస్టేబుల్ పోస్టు విషయంలో 2024లో ఢిల్లీ హైకోర్టు కూడా, టాటూ చెరిపించుకున్నాక మిగిలిన వెలిసిపోయిన మచ్చని పట్టుకుని అభ్యర్థిని పక్కన పెట్టడం సరికాదంది. బాగానే ఉంది. కానీ వకీలు ఫీజు కట్టుకుని, వాయిదాలకి తిరిగి, తనతో పరిగెత్తినవాళ్ళు సర్వీసులో కుదురుకుంటుంటే ఆర్డరు కోసం ఎదురుచూడటాన్ని గెలుపనాలంటే గుండె ధైర్యం కావాలి.

సైన్యంలో ఆఫీసర్ పోస్టులకి ఇంటర్వ్యూ ఉంటుంది కదా అనొచ్చు. సర్వీస్ సెలక్షన్ బోర్డు దగ్గర ఐదు రోజులుంచి చూస్తారు. అందులో గ్రౌండ్ టాస్కులు కూడా ఉంటాయి. తాళ్ళు పట్టుకుని ఎక్కేటప్పుడు కఫ్ సర్దుకుంటూ కూర్చుంటే జరిగే పని కాదు. ఆ తర్వాత ఎలాగూ మెడికల్ ఉండనే ఉంది.

అమ్మమ్మకి మర్యాద, మనవడికి చీవాట్లు

ఇంత పట్టింపు ఎందుకొచ్చిందో కాస్త చూడాలి. ఎందుకంటే ఎదురుగా కూర్చున్న హెచ్ఆర్ మేనేజర్ వాళ్ళ నాయనమ్మ చేతి మీదా పచ్చబొట్టు ఉండే ఉంటుంది.

దీపపు మసిని ఆకు పసరులో కలిపి, సూదుల గుత్తితో పొడిచేవారు. మసి నలుపే, కానీ చర్మం లోపలికి దిగాక పైకి నీలంగా, ఆకుపచ్చగా కనిపిస్తుంది. అందుకే అది నల్లబొట్టు కాలేదు, పచ్చబొట్టయింది. ఎరుకల ఆడవాళ్ళు సోదె చెబుతూ ఊరూరా తిరిగి పొడిచేవారు. ఆదిలాబాద్ అడవుల్లో గోండు ఆడవాళ్ళకి ‘తోటి’ అనే ఇంకో తెగ ఆడవాళ్ళు పొడిచేవారు. చనిపోయాక నగా నట్రా ఇక్కడే ఉండిపోతుంది, వెంట వచ్చేది పచ్చబొట్టు ఒక్కటేనని నమ్మేవారు. లంబాడీ తండాల్లో పెద్దవాళ్ళ గడ్డం మీద, చేతుల మీద ఇప్పటికీ ఆ చుక్కలు కనిపిస్తాయి. ఎవరూ వాళ్ళని క్రమశిక్షణ లేనివాళ్ళనలేదు.

ఇంకో చరిత్ర కూడా ఉంది, దాన్ని ఎక్కువగా చెప్పుకోం. 1797లో ఈస్టిండియా కంపెనీ బెంగాల్‌లో జీవితఖైదు పడ్డవాళ్ళ నుదుటి మీద నేరం వివరాలు పచ్చబొట్టుగా పొడిపించే నిబంధన తెచ్చింది. అక్కడివాళ్ళు గోద్నా అనేవారు. 1849లో గానీ అది పోలేదు. ఆడవాళ్ళు అలంకారమనుకున్నదాన్నే సర్కారు దొంగ ముద్రగా వాడుకుంది. సినిమాల్లో రౌడీ అనగానే చేతి మీద ఓ తేలు బొమ్మ వేయించే అలవాటుకీ దీనికీ నేరుగా ముడి పెట్టలేం గానీ, ఒంటి మీద రాత అనగానే అనుమానంగా చూసే చూపు నిన్న మొన్నటిది కాదు.

సర్కారుకి ఒంటి మీద గుర్తులంటే మొదటి నుంచీ ఇష్టమే. పదో తరగతి సర్టిఫికెట్ మీద రెండు పుట్టుమచ్చలు ఎక్కడున్నాయో రాసి ఉంటుంది. దేవుడు పెట్టిన మచ్చ అయితే గుర్తింపు చిహ్నం, డబ్బిచ్చి పెట్టించుకుంటే అనర్హత.

చట్టం పట్టించుకోని గదులు

ప్రైవేటు ఉద్యోగాల దగ్గర ఈ రాతపూర్వక రూళ్ళేవీ ఉండవు. ఉండవు కాబట్టి రక్షణా ఉండదు. ప్రభుత్వ ఉద్యోగాల్లో అవకాశాల సమానత్వాన్ని రాజ్యాంగంలోని 16వ అధికరణం చూసుకుంటుంది. ప్రైవేటు కంపెనీ టాటూ చూసి వద్దనుకుంటే ఆపే ప్రత్యేక చట్టమేదీ మన దగ్గర లేదు. పైగా ఎవరూ ఆ కారణం చెప్పరు. ‘వీ విల్ గెట్ బ్యాక్ టు యూ’ అంటారు, అంతే.

హైదరాబాద్ ఐటీ ఆఫీసుల్లో ఈ పట్టింపు బాగా సడలింది. ఇన్ఫోసిస్ 2015లో వారమంతా క్యాజువల్స్ వేసుకోవచ్చనేసింది. మాదాపూర్‌లో మధ్యాహ్నం టీ కొట్టు దగ్గర నిలబడితే మెడలో ఐడీ కార్డు, చేతి నిండా డ్రాగన్లు ఉన్నవాళ్ళు కనిపిస్తారు. టీమ్ లీడర్ చేతి మీదే ఉండొచ్చు. కోడ్ రాసేవాడి చెయ్యి ఎలా ఉందో క్లయింటుకి పట్టదు. కోహ్లీ చేతి నిండా టాటూలు లేవా అని వాదించేవాళ్ళూ ఉంటారు. ఉన్నాయి. కోహ్లీ ఇంటర్వ్యూ ఇచ్చేది మైకు ముందు.

ఈ విషయం మీద తరచూ చెప్పుకునే అధ్యయనం ఒకటుంది. మయామీ విశ్వవిద్యాలయానికి చెందిన మైఖేల్ ఫ్రెంచ్, కరోలిన్ మోర్టెన్‌సన్, వెస్టర్న్ ఆస్ట్రేలియా విశ్వవిద్యాలయానికి చెందిన ఆండ్రూ టిమ్మింగ్ కలిసి 2018లో ప్రచురించారు. అమెరికాలో 2,000 మందికి పైగా అడిగి చూశారు. టాటూ ఉన్నవాళ్ళకి ఉద్యోగాలు తక్కువగా రావడం గానీ, జీతాలు తగ్గడం గానీ కనిపించలేదు. సంతోషమే. కానీ ఆ లెక్క చూసింది ఎవరికి ఉద్యోగముంది, ఎంత జీతమొస్తోంది అన్నది. ఇంటర్వ్యూ గదిలో ఏం జరిగిందన్నది కాదు. ఆ ఉద్యోగాలున్నవాళ్ళలో ఎంతమంది మొదటి రోజు ఫుల్ హ్యాండ్స్ వేసుకుని వెళ్ళారో ఎవరికి తెలుసు? కప్పుకుని గెలిచినవాళ్ళూ టాటూ ఉండి గెలిచినవాళ్ళ ఖాతాలోనే పడతారు.

అదే టిమ్మింగ్ అంతకుముందు బ్రిటన్‌లో ఉద్యోగాలిచ్చే మేనేజర్లతో మాట్లాడినప్పుడు ఇంకో సంగతి బయటపడింది. చాలామంది తమకేం అభ్యంతరం లేదంటూనే, కస్టమర్లు ఏమనుకుంటారోనన్నారు. ఈ మాట వినగానే మన బట్టల షాపులు గుర్తుకొస్తాయి. కౌంటర్ వెనక పట్టుచీర విప్పి చూపించే అమ్మాయి చేతులే అక్కడ షోకేసు. పెళ్ళి బట్టలకొచ్చిన పెద్దావిడ చీర చూస్తుందా, ఆ మణికట్టు మీది పుర్రె బొమ్మ చూస్తుందా అని ఓనరు ఆలోచిస్తాడు. హోటల్ రిసెప్షన్, నగల దుకాణం, ప్రైవేటు స్కూలు, కార్పొరేట్ ఆసుపత్రి ఫ్రంట్ ఆఫీసు: అన్నిచోట్లా ఇదే లెక్క. టాటూ మీద కోపం కాదు, అక్కడ లేని మూడోమనిషి గురించిన భయం. అందుకే దాంతో వాదించి గెలవడం కష్టం. ఎదురుగా ఉన్నవాణ్ణి ఒప్పించొచ్చు, ఇంకా షాపులోకి అడుగే పెట్టని కస్టమర్ని ఎలా ఒప్పిస్తారు?

ఇక బొమ్మలో ఏముందన్నది మన దగ్గర పెద్ద ప్రశ్న. మన కుర్రాళ్ళ చేతుల మీద పువ్వులూ సీతాకోకచిలకలే ఉండవు. అభిమాన హీరో పేరు, పార్టీ గుర్తు, నాయకుడి ముఖం, కులం పేరు, వదిలేసి వెళ్ళిపోయిన అమ్మాయి పేరు ఉంటాయి. సీతాకోకచిలకని చూసిన ప్యానెల్ సభ్యుడు ఒక క్షణం చూసి వదిలేస్తాడు. కులం పేరు చూసినవాడు వదలడు. అతనిది అదే కులమైనా ఇబ్బందే, కాకపోయినా ఇబ్బందే. హీరో పేరైతే, ఎదుటివాడు ఇంకో హీరో అభిమాని కాకూడదని దణ్ణం పెట్టుకోవాలి. ఇది నవ్వుకోవడానికి చెప్పినా, ఇలాంటివాటిని ఏ ఇంటర్వ్యూకైనా, చివరికి అందరూ బర్ముడాల్లో తిరిగే స్టార్టప్‌కైనా కప్పుకునే వెళ్ళాలి. ఇందులో రెండో ఆలోచన అక్కర్లేదు.

విమానం ఎక్కితే

విదేశాల్లో అంతా స్వేచ్ఛే అనుకుంటాం. ఉద్యోగాన్ని బట్టి, దేశాన్ని బట్టి మారుతుంది. ఎమిరేట్స్‌లో క్యాబిన్ క్రూ పోస్టుకి యూనిఫాం వేసుకున్నాక టాటూ కనిపించకూడదు. అంతే కాదు, మేకప్‌తోనో బ్యాండేజీతోనో కప్పడం కూడా కుదరదని ముందే చెబుతారు. అంటే ఇంటర్వ్యూకి కన్సీలర్ (మచ్చలు కప్పే మేకప్ క్రీము) రాసుకెళ్ళి నెట్టుకొచ్చినా, ఉద్యోగంలో రోజూ నెట్టుకురాలేరు. దీనికి పూర్తిగా రెండో కొస ఎయిర్ న్యూజిలాండ్. అక్కడి ఆదివాసులైన మావోరీల సంప్రదాయ పచ్చబొట్టు టా మోకో వంశగౌరవం కాబట్టి, 2019లో కనిపించే టాటూలకి తలుపు తెరిచింది. వర్జిన్ అట్లాంటిక్ 2022లో అదే దారి పట్టింది.

బ్రిటన్‌కి వెళ్ళే నర్సుల సంగతి తమాషాగా ఉంటుంది. అక్కడి ప్రభుత్వ ఆసుపత్రుల్లో రోగుల దగ్గర పనిచేసేటప్పుడు ఇన్‌ఫెక్షన్ల భయంతో మోచేతి కింద బట్ట గానీ, వాచీ గానీ ఉండకూడదన్న పద్ధతి ఉంది. ముంజేతి మీద టాటూ ఉంటే కప్పమనడానికే వీల్లేదు, కప్పడమే తప్పవుతుంది.

జపాన్‌ది పూర్తిగా వేరే కథ. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ద్వారా అక్కడికి నర్సింగ్, వృద్ధుల సంరక్షణ పనులకి వెళ్ళేవాళ్ళున్నారు. అక్కడ టాటూ అనగానే యకూజా అనే నేరస్థుల ముఠాలు గుర్తుకొస్తాయి. 2012లో ఒసాకా మేయర్ తోరు హషిమోతో నగర ఉద్యోగులను టాటూలున్నాయో లేదో రాసివ్వమని సర్వే పెట్టేశాడు. వృద్ధులకి స్నానం చేయించే పనికి వెళ్తూ, మోచేతి దాకా రంగుల చేప బొమ్మ వేసుకుని ఉంటే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

అమెరికాలో టాటూకి ప్రత్యేక రక్షణ లేదు, మతవిశ్వాసానికి ఉంది. రెడ్ రాబిన్ అనే రెస్టారెంట్ల సంస్థలో ఒక సర్వర్ తన మణికట్ల మీది రాతలు ప్రాచీన ఈజిప్టు మతానికి సంబంధించినవని, వాటిని కప్పడం పాపమని చెప్పాడు. అతన్ని తీసేసినందుకు జరిగిన దావాలో 2005లో కంపెనీ 1,50,000 డాలర్లిచ్చి రాజీకొచ్చింది.

కఫ్ రెండంగుళాలు పైకి జరిగితే

ఇక మధ్యలో మిగిలిన ఉద్యోగాలు. రాసిపెట్టిన రూలు లేదు, ఎదుటివాళ్ళ మనసు తెలీదు. ఇక్కడ మొదటి ఇంటర్వ్యూకి కప్పుకుని వెళ్ళడమే మేలు. టాటూ తప్పని కాదు. అరగంటలో చెప్పుకోవాల్సిన ప్రాజెక్టు ఉంది, మానేసిన ఉద్యోగం గురించి సంజాయిషీ ఉంది, జీతం బేరముంది. అందులో మూడు నిమిషాలు చేతి మీది బొమ్మకి పోతే నష్టం అభ్యర్థికే. డిజైన్ స్టూడియో, జిమ్, సెలూన్, పబ్ లాంటి చోట్ల మాత్రం కప్పుకోనక్కర్లేదు. అక్కడ అదే కాస్త అర్హతలా కూడా పనికొస్తుంది.

కప్పుకోవడం అనుకున్నంత తేలిక కాదు. చొక్కా వేసుకుని అద్దం ముందు చేతులు వేలాడేసి నిలబడితే అంతా బాగానే ఉంటుంది. కుర్చీలో కూర్చుని, బల్ల మీద మంచినీళ్ళ గ్లాసు అందుకోవడానికి చెయ్యి చాపి చూడాలి. కఫ్ రెండంగుళాలు వెనక్కి పోతుంది. బోర్డు మీద రాయమంటే ఇంకా పోతుంది. మణికట్టు మీది టాటూకి రెడీమేడ్ చొక్కాల్లో సగం చాలవు, పొడుగు మనుషులకైతే అస్సలు చాలవు. ఒక సైజు పెద్దది కొంటే చెయ్యి సరిపోతుంది గానీ భుజాలు జారి అన్నయ్య చొక్కాలా ఉంటుంది. టైలర్ దగ్గర ఒక్క చొక్కా కుట్టించుకోవడం ఉత్తమం. అలాగే తెల్ల చొక్కా పలచగా ఉంటే జబ్బ మీది నల్ల బొమ్మ వెలుగులో కనిపిస్తుంది. లేత నీలమో, కాస్త మందం గుడ్డో తీసుకోవాలి.

కన్సీలర్ పెట్టేవాళ్ళు సాధారణంగా ఒకటే పొరపాటు చేస్తారు. చర్మం రంగు క్రీము నేరుగా టాటూ మీద రాస్తారు. కింద నీలి నలుపు ఉంటే పైన బూడిదరంగు మచ్చ తేలుతుంది, దెబ్బ తగిలి కమిలినట్టు. ముందు నారింజ ఛాయ ఉన్న కరెక్టర్ (కింది రంగుని అణిచే క్రీము) పలచగా అద్ది, అది నీలాన్ని మింగాక, దాని మీద చర్మం రంగుది, ఆ పైన పౌడర్ వెయ్యాలి. ట్యూబ్‌లైట్ కింద కాదు, గుమ్మం బయట పగటి వెలుగులో చూసుకోవాలి. ముందురోజే ఒకసారి వేసుకుని ఓ రెండు గంటలు బయట తిరిగొస్తే విజయవాడ ఉక్కపోతకి ఏ మేరకు ఆగుతుందో తెలుస్తుంది. కఫ్ అంచుకి గోధుమరంగు చార అంటుకుంటే ఇంటర్వ్యూ రోజు కూడా అంటుకుంటుంది. పొట్టు రాలుతున్న కొత్త టాటూ మీద ఇవేవీ రాయకూడదు, పుండవుతుంది.

బ్యాండేజీ జోలికి మాత్రం పోకూడదు. చూసినవాళ్ళెవరైనా ‘ఏమైంది?’ అని అడుగుతారు. జాలితో అడిగిన ఆ ప్రశ్నకి అబద్ధం చెప్పాలి. టాటూని క్షమించేవాళ్ళు కూడా అబద్ధాన్ని క్షమించరు. దానికంటే మణికట్టు మీద వెడల్పు పట్టీ ఉన్న వాచీ నయం. ఆడవాళ్ళకి మెడ వెనక ఉంటే కాలర్ నెక్ కుర్తీ, చీరైతే మెడ దాకా ఉన్న జాకెట్టు. జుట్టు వదులుకుని దాచాలనుకుంటే ఫ్యాను గాలిని కూడా లెక్కలో వేసుకోవాలి. వీడియో ఇంటర్వ్యూ అయితే కెమెరాలో ఎంత పడుతుందో అంతే లోకం. అయితే చేతులు తిప్పుతూ మాట్లాడే అలవాటున్నవాళ్ళు ఆ లోకంలోకి చేతిని తెలియకుండానే తీసుకొస్తారు.

లేజర్‌తో తీయించుకుందామనుకుంటే అది వారంలో తేలే పని కాదు. ఒక విడతకీ ఇంకో విడతకీ ఆరు నుంచి ఎనిమిది వారాల ఎడం ఇస్తారు, విడతలు చాలా పడతాయి. నలుపు తొందరగా దిగుతుంది. పచ్చ, పసుపు మొండికేస్తాయి. మన చామనఛాయ ఒంటికి ఇంకో ఇబ్బంది, ఇంకు పోయిన చోట చర్మం తెల్లబారడమో, ఇంకా నల్లబడటమో జరగొచ్చు. ఇంటర్వ్యూకి పదిరోజుల ముందు లేజర్‌కి వెళ్తే టాటూకి తోడు బొబ్బ కూడా దాచుకోవాల్సొస్తుంది.

ప్యానెల్ చూసింది, అడిగింది. అప్పుడేం చెప్పాలి? ‘మా అమ్మమ్మ పేరండి’ అని చెప్పి ఆగిపోవడమే. ఎప్పుడు వేయించుకున్నారు, ఎంత నొప్పెట్టింది, వెనక ఉన్న తత్వమేంటి అన్నది ఎవరూ అడగలేదు. కంగారుగా కఫ్ లాక్కుంటే మాత్రం అప్పటిదాకా లేని అనుమానం పుడుతుంది.

ఇంటర్వ్యూలో కప్పుకోవడం వేరు, ఉద్యోగంలో చేరేదాకా దాచిపెట్టడం వేరు. రోజూ హాఫ్ హ్యాండ్స్ యూనిఫాంలో నిలబడాల్సిన పనైతే మొదటి రోజే బయటపడుతుంది, అప్పటికి పాత ఉద్యోగానికి రాజీనామా కూడా ఇచ్చేసి ఉంటారు. అందుకని ఆఫర్ లెటర్ వచ్చాక, సంతకం పెట్టే ముందు హెచ్ఆర్‌ని అడిగేయడం మంచిది: ‘డ్రెస్ కోడ్ వివరాలు పంపుతారా మేడమ్? కుడి ముంజేతి మీద చిన్న టాటూ ఉంది, దానికేమైనా రూలుందా?’ ఫోన్‌లో కాకుండా మెయిల్‌లో అడగాలి. ఫోన్‌లో అందరూ ‘అబ్బే, ఏం లేదండీ’ అంటారు, మెయిల్ అయితే ఒకసారి పై వాళ్ళని కనుక్కుని రాస్తారు. కుదరదని జవాబొస్తే పాత ఉద్యోగం చేతిలో ఉండగానే తెలిసిపోయింది. ‘డ్యూటీలో ఫుల్ హ్యాండ్స్ వేసుకోండి, చాలు’ అనొస్తే, జాయినింగ్ లోపల అరడజను చొక్కాలు కుట్టించుకోవాలి, కఫ్ మణికట్టు దాటి ఇంకో అంగుళం వచ్చేలా.